మూత సరిగ్గ పెట్టుండ్రి

ఆదివారం వస్తే ఊరంతటికీ సెలవు, శోభకు మాత్రం నడుము విరిగే దినం. కోడికూర తిన్నవాళ్లు తిన్నట్టే మంచాల మీద ఒరిగితే, ఆమె మాపటి దాకా పొయ్యి ముందర నుంచి కదలకపోయేది. ఒక పొయ్యి మీద తైదల పిండి, అంటే రాగిపిండి, దోరగా వేగుతుంటే రెండో పొయ్యి మీద గట్కకు జొన్నరవ్వ ఉడికేది. ముందునాడు నానబెట్టిన పెసర్లు గుడ్డమూటలో మొలకలెత్తి, మూట చించుకొని వస్తామన్నట్టు ఉబ్బి ఉండేవి. సర్వపిండికి గిర్నిలో పట్టించిన బియ్యప్పిండిలో సగానికి సగం జొన్నపిండి కలిపి, నువ్వులు, నానిన శెనగపప్పు, మునగాకు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి పిసికేది. అన్నీ చల్లారినాక నేల మీద వరుసగా పెట్టిన స్టీలు డబ్బాలకు ఎత్తేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా దినానికొక డబ్బా. ఏది ఏ దినానిదో తెలియాలని మూతల పిడికి ఒక్కో రంగు దారం కట్టింది.

ఇంత గోస ఎందుకంటే, ఇంట్లో ముగ్గురికి మూడు రోగాలు. మామ వాల్యాకు షుగరు. మొగుడు నరేందర్‌కు బీపీ. భూపాలపల్లి బస్సు మొదటి ట్రిప్పు అతనిదే. దారిలో బజ్జీల బండి కనపడితే బస్సు దానంతట అదే ఆగుతదని చెప్పేవాడు. బిడ్డ పూజకు రక్తం తక్కువ. రోజూ మానుకోట టేషన్‌లో రైలెక్కి వరంగల్‌కు నర్సు చదువుకు పోతుంది. దవాఖానలో డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి, పొద్దుగాల తిండి సక్కగ ఉండాలె, ఇడ్లీలు పూరీలు బంద్ అని చెప్పింది. ముగ్గురూ బుద్ధిగా తలలూపి, శోభ ముఖం దిక్కు చూశారు.

పొద్దుగాల ఒకరు బస్సుకు, ఒకరు రైలుకు, ఒకరు షుగరు గోలీకి ఉరికే ఇంట్లో గట్క ఎప్పుడు వండాలి, మొలకలు ఎప్పుడు తాళింపు పెట్టాలి? పూజనే ఫోన్‌లో ఒకామె మాట్లాడే వీడియో తెచ్చి చూపించింది. ఆదివారం అన్నీ చేసి పెట్టుకుంటే వారమంతా నిశ్చింత అని ఆమె నవ్వుకుంటూ చెప్పింది. నిశ్చింత ఎవరికో మాత్రం చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పలేదు. ముందుగాల వండిపెడితే ఆ తిండి వెంట ఆ దినం పొద్దు కూడా వచ్చి డబ్బాలో కూర్చుంటది. బుధవారం డబ్బా మూత తీస్తే బుధవారం తెల్లవారుజామే బయటికి వస్తది, ఆనాటి మంచుతో, ఆనాటి పిచ్చుకల లొల్లితో. డబ్బాలో తిండి ఉన్నంతసేపు ఇంట్లో పొద్దుపొడుపే ఉంటది. ఆఖరి ముద్ద అయిపోయిందంటే ఎండ ఎక్కుతది. శోభకు ఇదేమీ వింత అనిపించలేదు. మూత తీసి పెడితే పెరుగు పులుస్తది, ఇదీ అంతే. ఆమె పరేషాన్ అంతా ఒక్కటే. ఇంట్లో ఒక్కరికీ మూత సరిగ్గా పెట్టే అలవాటు లేదు.

ఆ ఆదివారం మాపున కూడా అదే అయింది. ఆమె బోళ్లు తోముతుంటే వెనక ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. గోడ మీద ఎర్రగా వెలుగు పడ్డది. చన్నీళ్లలాంటి గాలి వచ్చి మెడకు తగిలింది.

"మూత పెట్టు! మూత!" అని శోభ సబ్బు చేతులతోనే ఉరికింది.

నరేందర్ బుధవారం డబ్బా చంకలో పెట్టుకొని సర్వపిండి ముక్క నములుతున్నాడు. "అరే, ఒక్క ముక్కనే గదా. ఉప్పు సరిపోయిందా లేదా చూస్తున్న."

"ఉప్పు చూసుటానికి నేను లేనా? నీకు ఉప్పే వద్దన్నది డాక్టరమ్మ. నువ్వు ఒక్క ముక్క తింటే బుధవారం పొద్దు గంత తగ్గుతది. మళ్ల ఆనాడు సాక్సులు దొరుకత లెవ్వని నా మీద ఒర్రుతవు."

గోడ అవతల షాహీన్ పుంజు పొద్దుగూకే వేళ గొంతు చించుకొని కూసింది. దాని వెనకనే షాహీన్ తలకాయ గోడ మీదికి లేచింది.

"ఓ పూజమ్మా! మళ్ల తెరిసిండ్రా డబ్బా? ఇయ్యాల ఇది మూడోసారి కూసుడు. దానికి గొంతు పోయింది, మా అత్తకు నిద్ర పోయింది. నమాజు యాళ్లయిందని లేసి కూసున్నదమ్మా ముసలామె!"

"పెట్టిన షాహీనూ, పెట్టిన. మా ఇంట్లోళ్లకు చేతులున్నయి గని మూతలు పెట్టుడు రాదు."

"గట్లనే ఉంటరు మొగోళ్లు. ఇగో, రేపటి నుంచి మేకల గిన్నె పక్కకు పెట్టు. రేగొండల మా చెల్లె బిడ్డ పెండ్లి, వారం దాకా రాను. మేకలను గూడ తోలుకపోతున్న."

"పెండ్లికి మేకలెందుకే?"

"ఒకటి విందుకు. రెండోది దానికి తోడు."

మేకల గిన్నె అంటే శోభ ఇంట్లో మిగిలిన ఎంగిలి మెతుకులు పడే సత్తు గిన్నె. ఆ ఇంట్లో ఒక రివాజు ఉన్నది. ఎవరు తిన్నా పళ్లెంలో ఆఖరి ముద్ద వదిలిపెట్టి లేస్తారు. గార్ల దిక్కు తండాలో వాల్యా బా, అంటే తండ్రి, బతికిన కాలం నుంచీ అంతే. వండిన ఆడమనిషి కోసం ఆ ముద్ద. శోభ ఇరవై ఏండ్లుగా సింకు కాడ నిలబడి ఆ ముద్దలే తింటున్నది. డబ్బాలు వచ్చినంక మూడు ముద్దలు, మూడు తునకల పొద్దు. అవి నమిలేలోపల తెల్లారిపోయేది. కూర్చోవడానికి సరిపోయేంత పొద్దు ఆమెకు ఎన్నడూ దొరకలేదు. ఏదన్నా దినం తినబుద్ధి కాకపోతే గిన్నెలో వేసి, మూత పెట్టి, గోడ మీదినుంచి షాహీన్‌కు అందించేది.

ఆ వారం శోభకు శుక్రవారం మీద పానం ఉన్నది.

సందు చివర ఆడపిల్లల హాస్టల్‌లో వంటామె పని ఖాళీ అయింది. జనగామ నుంచి బదిలీ మీద వచ్చిన వార్డెన్ మేడం, గిర్ని కాడ వరుసలో శోభ పక్కన నిలబడి, ఆమె సంచిలోని జొన్నలు, తైదలు చూసి ముచ్చట పెట్టింది. పిల్లలకు పొద్దుగాల ఇట్లాంటివి వండగలవా అని అడిగింది. నీ పేరేంది అని కూడా అడిగింది. శోభకు జవాబు చెప్పడానికి కొంచెంసేపు పట్టింది. ఇంట్లో ఆమె పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మామకు ఆమె బిడ్డా, మొగనికి ఏమే, పూజకు అమ్మా, షాహీన్‌కు పూజమ్మా. "శోభ" అని చెప్పినప్పుడు ఎవరి పేరో చెప్పినట్టు సిగ్గైంది.

ఒక పొద్దు వచ్చి వండి చూపించు, పిల్లలు గంట కొట్టేలోపల తింటే పని నీదే అన్నది మేడం. మొదటిసారి పోదామనుకున్న నాడు వాల్యా అంబలి చెంబు మంచంలో ఒలకబోసుకున్నాడు. రెండోసారి పూజ రైలు పాసు కనపడలేదు, ఇల్లంతా వెతికితే నరేందర్ డ్యూటీ చొక్కా జేబులో దొరికింది, అది అక్కడికి ఎట్లా పోయిందో ఈనాటికీ తెలియదు. మేడం ఫోన్ చేసి, "శోభా, శుక్రవారం ఆఖరుసారి. రాకపోతే వేరే ఆమెను పెట్టుకుంట, నా మీద కోపం చెయ్యకు" అన్నది.

సోమవారం పొద్దుగాల గట్క తింటున్న ముగ్గురి ముందర నిలబడి శోభ ఈ సంగతి చెప్పింది.

"పో. ఎవరద్దన్నరు?" అన్నాడు నరేందర్. "పనులు చేసి పో."

"పనులు చేసి పోతే పోయినట్టే. ఒక్క శుక్రవారం నన్ను ఇడిసిపెట్టుండ్రి. డబ్బా ఉంటది. మూత తీసుడు, తినుడు, మూత పెట్టుడు. గంతకన్న నేనేం అడుగుత లేను."

"అమ్మా, మేం చిన్నపిల్లలమా?" అని పూజ అన్నది. అంటూనే, "నా చున్నీ ఏడ పెట్టినవ్?" అని అడిగింది.

ముగ్గురూ ఆఖరి ముద్ద వదిలి లేచారు. శోభ ఆ మూడు పళ్లేలూ చూసింది. ఎందుకో ఆనాడు ఆమెకు కడుపు మండింది.

"నేనేమన్న కుడితి తొట్టినా? ఇన్నేండ్ల సంది మీ ఎంగిలి ముద్దలు తింటున్న. ఇయ్యాల్టి నుంచి తినను. మేకలకే ఏస్త."

వాల్యా గడ్డం నిమురుకున్నాడు. "ఎంగిలి అనకు బిడ్డా. మా యాడి, కన్నతల్లి, అందరికి పెట్టి, కుండ బోర్లిచ్చి, నీళ్లు తాగి పండేది. మేం పిల్లలం, మాకు తెల్వది. ఒకనాడు పొలం కాడ కండ్లు తిరిగి పడ్డది. అప్పటి సంది మా బా గిది పెట్టిండు. ఎవ్వరు తిన్నా ఒక ముద్ద ఇడువాలె, గది వండినామె వాటా, దాన్ని ఇంకెవ్వరు ముట్టొద్దు అని."

"అప్పుడు కుండల లేకుండె మామా, ఇడిసిండ్రు. ఇప్పుడు నేనే వండుతున్న, నేనే డబ్బాలు నింపుతున్న, గిర్నికి నేనే పోతున్న. నీకు గూడ ఒక వాటా పెట్టుకో అని ఒక్కరన్న అన్నరా?"

"నిన్నెవరు పెట్టుకోవద్దన్నరే?" అన్నాడు నరేందర్ చెప్పులు వెతుక్కుంటూ. అతని మాటకు జవాబు చెప్పడం కంటే చెప్పులు వెతికి ఇవ్వడమే నయమని శోభ వెతికి ఇచ్చింది.

అన్నట్టే ఆ వారమంతా ఆమె ముద్దలు తినలేదు. రోజూ గిన్నెలో వేసి, గట్టిగా మూత బిగించి, ఫ్రిజ్ వెనక మూలకు తోసింది. గోడ అవతల మేకలు లేవు, తీసుకుపోయే షాహీన్ లేదు. గిన్నె బరువెక్కింది.

గురువారం మాపున ఆమె జొన్నలు తీసుకొని గిర్నికి పోయింది. కరెంటు పోయి, వరుస పెరిగి, మళ్లీ కరెంటు వచ్చి, ఆమె పిండి సంచి నెత్తిన పెట్టుకొని వచ్చేసరికి దీపాలు పెట్టారు. ఇల్లు నిమ్మళంగా ఉన్నది. పూజ చదువుకుంటున్నది. వాల్యా వీపు గోకుకుంటున్నాడు. నరేందర్ ముఖంలో ఏదో మంచిపని చేసిన వెలుగు ఉన్నది. శోభ ఫ్రిజ్ తెరిచి చూసింది. శుక్రవారం డబ్బా పచ్చదారం కట్టుకొని, మూత గట్టిగా బిగించుకొని, ఉండాల్సినచోటనే ఉన్నది. మూత తీస్తే పొద్దు పోతదని ఆమె తీయలేదు. మూత అంత బాగా పెట్టి ఉన్నందుకు సంతోషపడ్డది కూడా. అక్కడే అనుమానం రావాల్సింది.

శుక్రవారం ఆమె కండ్లు తెరిచేసరికి ఎండ ముఖం మీద కొడుతున్నది.

పొద్దుపొడుపు లేదు. మంచు లేదు, పిచ్చుకలు లేవు. రాత్రి పోయి నేరుగా ఎండపొద్దు వచ్చి వాకిట్లో కూర్చున్నది. పక్క ఇండ్లవాళ్లు ఎప్పుడో తెల్లార్చుకొని బట్టలు కూడా ఆరేసుకున్నారు. నరేందర్ ఫోన్ మోగుతున్నది. భూపాలపల్లి పోవాల్సినవాళ్లు బస్టాండులో వేరే బస్సెక్కి ఎప్పుడో పోయి ఉంటారు.

శోభ ఉరికి పచ్చదారం డబ్బా తీసి మూత లాగింది. లోపల తళతళ మెరుస్తున్నది. తోమి, కడిగి, తుడిచి పెట్టిన ఖాళీ డబ్బా.

"తైదల కుడుములేవి?"

ముగ్గురూ లేచి కూర్చున్నారు.

"నా వాటా నేను నిన్న మాపున్నే తిన్న," అన్నాడు నరేందర్. "పొద్దుగాల నువ్వు పోతవు గదా, నాకు పెట్టే పని తప్పుతదని. మిగిలినయి డబ్బాలనే ఉండె."

"నేను గూడ గందుకే తిన్న బిడ్డా," అన్నాడు వాల్యా. "నువ్వు నిమ్మళంగ పోవాలని. ఒక ముద్ద ఇడిసిన."

పూజ గొంతు సన్నగా వచ్చింది. "నేను ఆఖరికి తిన్ననమ్మా. డబ్బా ఖాళీ అయింది గని... నీ వాటా తీసి వేరే గిన్నెల పెట్టినవేమో అనుకున్న. బాపు డబ్బా తోమిండు, నేను దారం కట్టిన, ముగ్గురం ఇడిసిన ముక్కలు మేకల గిన్నెల ఏసిన."

"నా వాటానా?" శోభకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. "నా వాటా ఎప్పుడుండె డబ్బాల? ముగ్గురికే చేస్త, ముగ్గురికే పెడ్త. గిన్ని దినాలల్ల ఎప్పుడన్న డబ్బాల నా వాటా చూసిండ్రా మీరు?"

ఎవరికి వాళ్లు గుర్తు తెచ్చుకోవడానికి చూశారు. గుర్తు రాలేదు.

"ఇరవై ఏండ్లల్ల ఒక్కనాడు డబ్బా తోమలే," అన్నది శోభ మొగునితో. "తోమక తోమక శుక్రవారమే తోమినవా?"

కోపం పట్టలేక ఆమె ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి మేకల గిన్నె బయటికి లాగింది. ఈ కంపునన్నా వాకిట్లో పారబోద్దామని మూత తీసింది.

సోమవారం బయటికి వచ్చింది, గట్క వాసనతో, పాలబండి హారన్‌తో. దాని వెనక మంగళవారం, దూరంగా గూడ్సు బండి కూతతో. బుధవారం వెంట సన్నటి తుంపర, మసీదు నుంచి అజాన్. గురువారం చలి. అన్నిటికన్నా ఆఖరున శుక్రవారానివి మూడు కుడుము ముక్కలు, వాటి చుట్టూ గోరంత ఎరుపు. తునకలు తునకలుగా ఐదు తెల్లవారుజాములు కలిసి వంటగది నిండా పరుచుకున్నాయి. శోభ చేతుల మీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. ఆమె గబుక్కున మూత పెట్టింది. మళ్లీ ఎండ వచ్చింది.

నరేందర్ చెయ్యి చాపాడు. "అరే, ఇటియ్యి ఇటియ్యి. నా ట్రిప్పుకు సరిపోతది గది."

"అమ్మా, నా రైలు," అన్నది పూజ.

శోభ గిన్నె చంకలో పెట్టుకొని ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇది మేకలది. మీరు ఇడిసిపెట్టిందే గదా. ఇడిసినంక మళ్ల మీదెట్లయితది?"

"ఏమే, డిపోల ఏం జవాబు చెప్పాలె నేను?"

"అరే నరేందర్," అన్నాడు వాల్యా మంచం మీది నుంచి. ముసలాయన గొంతు పెద్దది కాదు గాని కొడుకు చెయ్యి ఆగింది. "దాన్ని ముట్టకు. గది వండినామె వాటా. మా బా మాట." కోడలి దిక్కు తిరిగి, "పో బిడ్డా. మూత జర సందు పెట్టి పట్టుకో, ఒక్కసారే పోకుంట," అన్నాడు.

శోభ చీర సర్దుకొని బయటపడ్డది. గిన్నె మూత కొంచెం పక్కకు జరిపి పట్టుకుంటే ఆమె చుట్టూ నాలుగు అడుగుల మేర తెల్లవారుజాము నడిచింది. మిగిలిన సందంతా ఎండలోనే ఉన్నది. ఆమె పక్కనుంచి పోయినవాళ్లకు ఒక్క క్షణం చలి తగిలి, వాళ్లు తుమ్మి, మళ్లీ ఎండలో పడి పోయారు.

మూల మలుపు కాడ ఆకుకూరలమ్మే ఆగయ్య అడ్డం నిలబడ్డాడు. "బిడ్డా, జర గా పొద్దు ఇటు మళ్లించు. తోటకూర వాడిపోతున్నది."

"తాతా, నాకు మస్తు తొందరున్నది."

"ఒక్క రవ్వంత. నీకు పుణ్యముంటది."

శోభ పళ్లు కొరికి, గిన్నె తోటకూర మీదికి ఒంచింది. మంగళవారం మంచు కొంచెం రాలింది. తోటకూర తలలెత్తింది. అందరూ అడిగేవాళ్లే, ఇచ్చేది నేనే, అని గొణుక్కుంటూ ఆమె అడుగులు పెంచింది.

హాస్టల్ కాడికి పోయేసరికి పిల్లలు ఇస్త్రీ బట్టలేసుకొని, బిస్కెట్లు నములుతూ, బడికి వరుస కడుతున్నారు. వార్డెన్ మేడం ఫోన్ చెవికి పెట్టుకొని వేరే ఎవరితోనో, "ఆ, రేపటి నుంచే రా అమ్మా" అంటున్నది. శోభకు సిగ్గు, భయం, కోపం మూడూ ఒక్కసారే వచ్చాయి. గిన్నె వంటింటి కిటికీలో పెట్టి, మూత పూర్తిగా తీసింది.

హాస్టల్ మీద పొద్దు మళ్లీ పొడిచింది. మంచు వాకిట్లోకి దిగింది. వరుసలో నిలబడ్డ పిల్లలకు ఆవులింతలు వచ్చాయి.

"మేడం, మళ్ల పండ్లు తోముకోవాల్నా?" అని ఒక పిల్ల అడిగింది.

"రెండుసార్లు తోమితే అరిగిపోవు. పో," అన్నది మేడం. గోడ గడియారం దిక్కు చూసి, దాన్ని ఒకసారి వేలితో తట్టి, ఫోన్‌లో "నేను మళ్ల చేస్త" అని పెట్టేసింది. శోభను చూసి, "పొద్దుగాలనే వచ్చినవు. మంచిది. జొన్నరవ్వ ఆ డ్రమ్ముల ఉన్నది," అన్నది.

శోభ కొంగు నడుముకు చెక్కింది. అంతమందికి వండడం అదే మొదలు. పెద్ద గంజులో ఎసరు పెట్టి, ఉల్లిగడ్డలు, క్యారెట్, దొరికిన కూరగాయలన్నీ తరిగింది. పల్లీలు వేయించి, చింతపండు, పచ్చిమిరపకాయలతో తొక్కు నూరింది. చెయ్యి పని చేస్తుంటే కన్ను మాత్రం కిటికీ మీదనే ఉన్నది. రవ్వ వేగేసరికి సోమవారం అయిపోయింది. ఎసట్లో పోసేసరికి మంగళవారం, ఆగయ్యకు ఇచ్చింది పోగా, సగమే వచ్చింది. ఆ ముసలాయనను మనసులోనే తిట్టుకున్నది. బుధవారం తుంపర కిటికీ చువ్వల మీద పడి ఆగింది. గంజు మీద మూత పెట్టి మంట తగ్గించేటప్పటికి గురువారం చలి కూడా పోయింది. ఇగ మిగిలింది ఆ మూడు కుడుము ముక్కల గోరంత ఎరుపే. జొన్నరవ్వ తొందరపెడితే ఉడకదు. ఆమె గరిటె పట్టుకొని నిలబడి, ఆ ఎరుపు దిక్కు చూస్తూ, జర ఆగు, జర ఆగు అనుకున్నది. మొగుడు, మామ, బిడ్డ వదిలిన ముక్కలు అవి. ఎంత చిన్నగున్నా ఆగినాయి.

పిల్లలు తినడం మొదలుపెట్టారు. తొక్కు కారంగా ఉన్నదని ఒకతె ఉస్సు ఉస్సుమన్నది, అని మళ్లీ పెట్టించుకున్నది.

"అక్కా, నీ పేరేంది?"

"శోభ."

"శోభక్కా, ఇంకొంచెం!"

ఇంకో దిక్కు నుంచి ఇంకొకతె, "శోభక్కా, ఇటు!" అన్నది. శోభ గరిటె పట్టుకొని అటూ ఇటూ తిరిగింది. చివరి పళ్లెం కింద పెట్టిన చప్పుడు, గంట చప్పుడు ఒక్కసారే వినపడ్డాయి. కిటికీలో ఎరుపు ఆరిపోయి మామూలు ఎండ వచ్చింది. పళ్లేలు చూస్తే ఒక్కదాంట్లోనూ మెతుకు మిగల్లేదు.

మేడం గంజు అడుగు గీరి నోట్లో వేసుకొని, "సోమవారం నుంచి రా" అన్నది.

ఇంటికి వచ్చేసరికి నరేందర్ గడప మీద కూర్చున్నాడు. డిపో వాళ్లు మొదటి ట్రిప్పుకు బదులు మాపటి ట్రిప్పు ఇచ్చారట. ఏమైంది అని అడగలేదు. ఆమె ముఖం చూసి, "నీళ్లు తాగుతవా?" అన్నాడు. చెంబు ఎక్కడుందో తెలియక మళ్లీ ఆమెనే అడిగాడు.

ఆదివారం మాపున శోభ అటక మీది నుంచి పెద్ద డబ్బాలు దించింది. గట్క నింపుతుంటే వాల్యా వంగి చూశాడు.

"ఇంత ఎక్కువెందుకు బిడ్డా?"

"నాలుగు వాటాలు."

వాల్యా వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "సక్కగున్నది," అని పోయి పండుకున్నాడు. గోడ అవతల నుంచి షాహీన్ మేక అరిచింది. పెండ్లి నుంచి ఒక్కతే తిరిగి వచ్చింది అది, మేకల గిన్నె కోసం అడుగుతున్నది. ఇగ దానికి కష్టమేనని శోభ అనుకున్నది.

సోమవారం మూత తీశారు. మంచి పొద్దు వచ్చింది, నిండుగా. శోభ హాస్టల్‌కు పోయే చీర కట్టుకొని, పీట వేసుకొని కూర్చున్నది. ఆమె కూర్చుంటే మిగిలిన ముగ్గురికీ ఎటు చూడాలో తెలియలేదు. తిన్నారు. అలవాటుగా ఆఖరి ముద్ద వదిలి లేవబోయారు.

"ఇంకా ఎవరి కోసం ఇడుస్తుండ్రు? తినుండ్రి."

ముగ్గురూ మళ్లీ కూర్చొని ఆ ముద్దలు తిన్నారు. నరేందర్ బస్సు తాళాలు, పూజ పుస్తకాల సంచి పట్టుకొని దర్వాజ కాడ నిలబడ్డారు. వాల్యా గోలీ చేతిలో పెట్టుకొని మంచం మీద ఎదురుచూశాడు. వాకిట్లో ఇంకా తెల్లారలేదు. డబ్బా ఖాళీ అయింది గాని, శోభ పళ్లెంలో ఒక ముద్ద మిగిలే ఉన్నది.

"ఏమే, జల్ది తిను," అన్నాడు నరేందర్.

శోభ తల ఎత్తి చూసింది.

అతను తాళాలు ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "శోభా," అన్నాడు.

"ఆగుండ్రి, తింటున్న," అన్నది శోభ. ఆ ముద్ద తొక్కులో అద్దుకొని, నోట్లో పెట్టుకొని, మెల్లగా నమిలింది.